మా వీధి రీడింగ్ రూమూ, మా అమ్మాయి సమతుల్యతా

ప్రతి ఇంట్లోనూ సివిల్స్‌కి చదివే మనిషి ఒకరుండి తీరాలి. లేని ఇళ్ళకి ప్రభుత్వమే ఒకరిని కేటాయించాలి!

నవ్వులాటకి అనడం లేదు. దేవుణ్ణి నమ్ముకుని సంసారం ఈదుకొస్తున్న మామూలు మనిషిని నేను. నా చదువు పదో తరగతి దగ్గరే ఆగిపోయింది. ఆ పైన నేర్చుకున్నదంతా మా అమ్మాయి పైకి చదువుతుంటే పక్క గదిలో కూర్చుని విన్నదే. అయినా ఇవాళ నన్ను నిద్రలో లేపి అడగండి, బేరింగ్ జలసంధి ఎక్కడుందో ఠక్కున చెప్తాను. మా బావమరిది ఇల్లు ఏ సందులో ఉందంటే మాత్రం కాస్త తడుముకుంటాను. బుర్రలో ఉన్న చోటే అంత మరి!

ముందు గోడల సంగతి చెప్పాలి. మా ఇంటికి రంగులు వేయించి ఎన్నాళ్ళయిందో అడక్కండి. ఇప్పుడా బెంగ లేదు. పెచ్చులూడిన చోట ఆఫ్రికా, చెమ్మ దిగిన చోట రుతుపవనాలు అతికించేసింది మా అమ్మాయి. దేవుడి పటం పక్కన కాస్త ఖాళీ కనబడితే అక్కడ ప్రపంచ పటం పెట్టింది. పొద్దున్నే దండం పెట్టుకుంటానా, కళ్ళు మూస్తే స్వామి, తెరిస్తే దక్షిణ అమెరికా! మొదట్లో అపచారమేమో అని శంకించాను. సృష్టి అంతా ఆయనదే కదా, దండం ఎటు పోయినా ఆయనకే చేరుతుందిలే అని సర్దుకున్నాను.

ఇంట్లో తగాదాలు కూడా తగ్గాయి. ఆ మధ్య మా అమ్మకీ మా ఆవిడకీ తువ్వాలు ఆరేసే దగ్గర మాటా మాటా వచ్చింది. మా అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది.

"తువ్వాలు తక్షణ కారణం మాత్రమే నాయనమ్మా. దీర్ఘకాలిక కారణాలు అమ్మ పెళ్ళి నాటినుంచీ పేరుకుపోతున్నాయి."

"ఏవిటే ఆ కారణాలు? చెప్పు చూద్దాం!" అంటూ అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కటై దాని మీదకి వెళ్ళారు. ఉమ్మడి శత్రువు దొరికితే కూటమి దానంతటదే ఏర్పడుతుందిట. అదీ సిలబస్‌లో ఉందిట!

అన్నిటికన్నా గొప్ప లాభం వేరే ఉంది. ఆ పరీక్షలో ఏది అడిగినా రెండు వైపులా చెప్పాలట. మొదట పరిచయం, తర్వాత అనుకూలాలు, ఆ తర్వాత 'మరోవైపు' అంటూ ప్రతికూలాలు, ఆఖర్న 'ముందున్న మార్గం'. ఒక పక్కకి ఒరిగితే మార్కులు ఊడతాయట. అందుకని మా అమ్మాయి ఇంట్లో కూడా అదే అభ్యాసం చేస్తోంది.

"అన్నం పెట్టనా?" అని వాళ్ళమ్మ అడుగుతుంది.

"తింటే శక్తి వస్తుంది. మరోవైపు, నిద్ర కూడా వస్తుంది."

"తింటావా, తినవా? అది చెప్పవే తల్లీ!"

"ముందున్న మార్గం ఏమిటంటే, సగం పెట్టు."

ఇదే పిల్ల చిన్నప్పుడు ఆటలో తొండి జరిగిందంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేదాకా అరిచేది. ఔనంటే ఔను, కాదంటే కాదు. పెద్దా చిన్నా లేదు, తప్పయితే మొహం మీదే అనేసేది. అలాంటి దుడుకు పిల్లకి ఎంత నిదానం వచ్చిందో చూశారా! ఏ గురువూ చేయలేని పని ఒక సిలబస్ చేసింది.

ఇక వార్తాపత్రిక. నేను స్నానం చేసి వచ్చేసరికి మా పేపరు పేపరులా ఉండదు, కిటికీలా ఉంటుంది. యుద్ధాలు, ఒప్పందాలు, ధరలు, తుపానులు అన్నీ కత్తిరించుకుని ఫైల్లో పెట్టేస్తుంది. నాకు మిగిలేవి నగల షాపు ప్రకటనలు, రాశి ఫలాలు. ప్రపంచంలో చెడ్డ వార్తన్నదే లేకుండా పోయింది! నా రక్తపోటు చూసి డాక్టరే ఆశ్చర్యపోయాడు. మొన్న పేపరు పట్టుకుని కూర్చుంటే చిల్లులోంచి మా ఆవిడ కనబడింది.

"ఏవిటలా గుడ్లప్పగించి చూస్తారు?"

"చూడడం లేదే, పేపరు చదువుతున్నాను."

చిల్లులు లేని పేపరు చదవాలనిపిస్తే మా వీధి చివర రీడింగ్ రూమ్ ఉంది. పొడుగాటి బల్ల, కాళ్ళు ఊగే బెంచీలు, తిరిగే ఫ్యాను ఒకటి, తిరగనిది ఇంకొకటి. మధ్యాహ్నాలు మా అమ్మాయి కూడా అక్కడే చదువుతుంది, తిరగని ఫ్యాను కింద, కాగితాలు ఎగరవని. ఇంట్లో మా అమ్మ రేడియో, పక్కింటి వాళ్ళ మిక్సీ. ఆ గదే లేకపోతే మా పిల్ల చదువు సగానికి సగం పడిపోయేది.

ఆ గది తలుపు మీద ఒకరోజు మున్సిపాలిటీ వాళ్ళు నోటీసు అంటించారు. దాన్ని మూసేసి, పడగొట్టి, బళ్ళు నిలుపుకునే చోటు చేస్తారట. అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు.

ఎదురింటి టైలరు నలుగురినీ వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. "అమ్మాయ్, ఈ వీధిలో నీ అంత చదివినవాళ్ళెవరున్నారు? ఒక అర్జీ గట్టిగా రాసిపెట్టమ్మా!"

రాసింది. ఏం రాత, ఏం రాత! ముత్యాల్లాంటి అక్షరాలు, మార్జిన్లు, కింద గీతలు. పొడుగ్గా ఉంది కాబట్టి గట్టిగానే ఉంటుందనుకుని ఎవరూ చదవకుండానే సంతకాలు పెట్టేశాం. టైలరు మెడలో టేపు కూడా తీయకుండా వెళ్ళి ఆఫీసులో ఇచ్చొచ్చాడు.

అక్కడి అధికారి కూడా ఆ పరీక్ష గట్టెక్కినవారే. అంటే ఒకప్పుడు ఎవరింట్లోనో పేపరుకి చిల్లులు పెట్టినవారే! మా అర్జీ చూసి ఆయన మనసు కరిగిపోయి ఉండాలి. జవాబు వెంటనే పంపారు.

'గ్రంథాలయాల చరిత్రను మట్టి పలకల కాలం నుంచి చక్కగా వివరించారు. మరోవైపు, వీధిలో బళ్ళకు చోటు చాలడం లేదనీ, చదువరులు తగ్గుతున్నారనీ అర్జీదారులే అంగీకరించారు. కావున మూసివేత సబబే. అర్జీలోని సమతుల్యత అభినందనీయం.'

టైలరు ఆ కాగితం ఇటు తిప్పీ అటు తిప్పీ చూశాడు. "ఏంటన్నా ఇది! వాళ్ళ తరఫున కూడా మనమే వాదించామా?"

"తమ్ముడూ, ఇంత న్యాయంగా ఓడిపోయే భాగ్యం ఎంతమందికి దొరుకుతుంది?" అన్నాను. అతను నాకేసి చూసిన చూపు ఇక్కడ రాయను.

మా అమ్మాయి ఆ జవాబు మళ్ళీ మళ్ళీ చదువుతోంది. ఉండబట్టలేక అడిగాను. "రెండు వైపులా బాగా చెప్పావు తల్లీ. ఇంతకీ నువ్వెటువైపు?"

"ఈ అంశాన్ని పరిశీలిస్తే..." అని మొదలుపెట్టింది. ఆగిపోయింది.

"పరిశీలించేదేవిటే!" అంది మా అమ్మ. "రోజూ పోయి ఆ గదిలో కూర్చునేది నువ్వు కాదూ?"

'అవును' అనడానికి కూడా మా పిల్ల కాసేపు తడబడింది. ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పేపరు చూద్దును కదా, ఒక్క చిల్లు లేదు! పిల్లకి జ్వరమేమో! కత్తెర బల్ల మీదే ఉంది, పిల్ల లేదు. చెప్పులు తొడుక్కుని పరిగెత్తాను.

రీడింగ్ రూమ్ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన టైలరు. ఒళ్ళో కొత్త అర్జీ. అందులో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: 'ఈ గది మాకు కావాలి.'

"అదేవిటమ్మా, పరిచయం రాయలేదే?"

"లేదు నాన్నా."

"మరి బళ్ళ సంగతి?"

"వాళ్ళ వైపు వాళ్ళే రాసుకుంటారు. నువ్వు పెన్ను పట్టుకో!"

ఆ గొంతు నేను విని ఎన్నేళ్ళయిందో! ఆట మధ్యలో నడివీధిలో నిలబడి అరిచిన గొంతది.

చూశారా పాఠకులారా, ఎంత నష్టం! ఎన్నాళ్ళ సాధన ఒక్క వాక్యంతో గంగలో కలిసింది. ఆ జవాబుకి పరీక్షలో గుండుసున్నా వేస్తారని నాకే తెలుసు. అయినా కన్నకూతురు అడిగితే కాదనలేక సంతకం పెట్టాను. కాస్త గట్టిగా పెట్టానేమో, కాగితానికి చిల్లు పడింది. మా అమ్మ సంతకం చాలదంటూ, వేలిముద్ర వేస్తానని గొడవ చేసి మరీ వేసింది, చక్కగా చదవడం రాయడం వచ్చిన మనిషి!

ఆఫీసరుగారు ఆ జవాబు ఇంకా దిద్దలేదు. ఈ పొద్దున ప్రపంచ పటం పక్కన నిలబడి దండం పెట్టుకుంటూ నేనూ ఒక చిన్న అర్జీ పెట్టుకున్నాను. స్వామీ, నీకు అన్ని వైపులూ సమానమే, తెలుసు. ఈ ఒక్కసారికి మాత్రం సమతుల్యత వద్దు, మా వైపే చూడు!