పేరుకు చోటు చాలని మినారు

గజనీ పురజనులకు తెలియజేయడమేమనగా, మా సుల్తాను గారు కొండ కోటను జయించారు. కోటలో శత్రువులు లేరు. వేసవి కదా, గొర్రెలను తోలుకుని పై మేతకు వెళ్లారు. అంతమాత్రాన విజయం విజయం కాకుండా పోతుందా? వాళ్లు తిరిగొచ్చి పద్ధతిగా ఓడిపోయేందుకు వీలుగా సైన్యం యావత్తూ అక్కడే కాపలా ఉండిపోయింది. ఇక్కడ ఊళ్లో విజయ మినారు పని మొదలైంది.

పని మేస్త్రి ఫరామర్జ్‌కు అప్పగించారు. నక్షత్రంలా ఎనిమిది కోణాలు తేలిన మినారు. చుట్టూ చెక్కిన ఇటుకల పట్టీ, అందులో బిరుదులు, చివర సుల్తాను పేరు. కొలతలు సరిగ్గా సరిపోయాయి. కానీ ఇటుకలు కాలేలోపు ఆస్థానం ఊరుకోలేదు. ఒకరు 'రాజ్యభాస్కర' అన్నారు. మరొకరు 'శత్రుహృదయశల్య' అన్నారు. దండయాత్రకు నిజంగా వెళ్లొచ్చిన సేనాని ఒకాయన, చూసింది చూసినట్టు, 'మేషభయంకర' అన్నారు. అన్నీ ఆమోదం పొందాయి. పట్టీ ఎనిమిది కోణాలూ చుట్టి మొదటికొచ్చింది. పేరుకు జానెడు చోటు మిగల్లేదు.

"ఓ బిరుదు పీకెయ్యరాదూ?" అంది అతని భార్య మాహ్‌బానూ.

"ఏది పీకమంటావే? ఒక్కోదానికీ ఒక్కో తండ్రున్నాడు. ఎవడికి కోపమొచ్చినా పోయేది నా చెయ్యే."

"చెయ్యి పోతే ఇంట్లో రొట్టె ఎక్కణ్ణుంచొస్తుందయ్యా? పోయి ఆ ఖ్వాజా దగ్గరే ఏడువు!"

నిర్మాణ పర్యవేక్షకులు ఖ్వాజా బూ ఖలఫ్ గారు అంతా విని, గడ్డం సవరించుకుని సెలవిచ్చారు: "బిరుదులు ఎక్కువయ్యాయనడం రాజద్రోహం. మినారు చాల్లేదనడం రాజ్యానికి అవమానం. కాబట్టి రెండూ అనకు."

అనలేదు. ప్రారంభోత్సవం నాడు సుల్తాను గారు ఏనుగెక్కి మినారు చుట్టూ మూడుసార్లు తిరిగారు. "మా పేరెక్కడ?" అన్నారు. ఖ్వాజా గారి వేలు తడబడకుండా ఫరామర్జ్ వైపు తిరిగింది. కుడిచెయ్యి నరకమని ఆజ్ఞ అయింది. మొద్దు తెచ్చారు. మాహ్‌బానూ గుండెలు బాదుకుంటుంటే గుంపులో ఉన్న నేను తల పక్కకు తిప్పుకున్నాను. నోరు మాత్రం జేజేలు కొడుతూనే ఉంది.

కత్తి లేచేలోపే ఊరి తలుపులు విరిగాయి. సైన్యమంతా కొండమీద ఖాళీ దొడ్డికి కాపలా కాస్తోంది కదా, సుల్తాను గారి పినతండ్రి కొడుకు మూడొందల గుర్రాలతో తీరిగ్గా లోపలికొచ్చాడు. మా ప్రభువు ఏనుగు దిగి, గాడిదెక్కి, వెనక దారిన వెళ్లిపోయారు.

"ఇదెవరిదయ్యా?" అన్నాడు కొత్తాయన, మినారు చూసి.

"తమరిదే ప్రభూ!" అన్నారు ఖ్వాజా గారు. "బిరుదులన్నీ తమరివే. తమరు వేంచేయకముందే పేరు చెక్కడం మర్యాద కాదని నేనే ఆపించాను."

ఖ్వాజా గారికి పట్టు అంగీ దక్కింది. ఫరామర్జ్‌కు తన చెయ్యి తనకు దక్కింది. ఆ చేత్తోనే సలాము చేసి, భార్యను లేవదీసుకుని ఇంటికి పోయాడు.

మినారు మీద పేరు లేదని మనిషి చెయ్యి నరకబోయారు. మేమేమో పొద్దున ఆయనకూ సాయంత్రం ఈయనకూ 'సుల్తాను వర్ధిల్లాలి' అనే అరిచాం. ఒక్క అక్షరం మార్చలేదు. మా జేజేల్లో పేరు లేదని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు. మీరూ పట్టించకండి. మీ జేజేలు ఎవరికని నేనడిగానా?