పళ్ల మీద తన్నిన వరద

ఒక పెద్ద అడవిలో, వరదకి గూడు పోయినవాళ్లకి గూడు కట్టించే ఆఫీసొకటి ఉండేది. దాని గుమాస్తా వీరభద్రం అనే నక్క. పని తగ్గించుకోడానికి అది ఓ రూలు పెట్టింది. అర్జీ ఇంగ్లీషులోనే ఉండాలి, అందులో ఇంగ్లీషు నుడికారం ఒకటైనా తగలాలి.

ముంగిస నాంచారమ్మ కలుగు వరదలో కొట్టుకుపోయింది. ముగ్గురు పిల్లలు వానలో వణుకుతున్నారు. అది ఏడుస్తూ ఆఫీసుకొచ్చింది.

"నా కొంప మునిగింది బాబూ."

"అలా నాటుగా ఏడిస్తే ఎలాగమ్మా? చిలక చేత రాయించుకురా," అంది నక్క.

అర్జీలు రాసే చిలక ఆలోచించి, ఈ వరద నాకు 'కిక్ ఇన్ ది టీత్' అని రాసింది. పెద్ద ఎదురుదెబ్బ తగిలిందని దానర్థమట. నాంచారమ్మకి నోరు కూడా తిరగలేదు. అయినా పిల్లల కోసం వేలిముద్ర వేసింది.

అర్జీలు మంజూరు చేసే సింహానికి ఇంగ్లీషు రాదు. నక్క మాటకి మాట తెలుగు చేసి చదివింది. "వరద నా పళ్ల మీద తన్నింది, ప్రభూ."

"పాపం, పళ్లు చూడండి," అంది సింహం.

కోతి వైద్యుడు నాంచారమ్మ నోరు తెరిపించి పళ్లన్నీ లెక్కపెట్టాడు. ఒక్కటీ ఊడలేదు. అయినా దయతలచి పళ్లపొడి పొట్లం మంజూరు చేశారు.

"అయ్యా, మరి కలుగు?"

"అర్జీలో కలుగు మాటే లేదు కదమ్మా," అంది నక్క. నాంచారమ్మకి కడుపు మండిపోయింది. పొట్లం నక్క బల్లమీదే పెట్టేసి, మిట్టమీద తన గోళ్లతోనే కలుగు తవ్వుకోడం మొదలెట్టింది.

వారం తిరక్కుండా మళ్లీ వరదొచ్చి నక్క గుహ పోయింది. తన పాండిత్యం చూపించుకోవాలని అది స్వయంగా 'స్లాప్ ఇన్ ది ఫేస్' అని అర్జీ రాసుకుంది. ఎవరి అర్జీ వాళ్లు చదవకూడదు కాబట్టి చిలక చదివింది.

"ప్రభూ, నక్కకి చెంపదెబ్బ తగిలిందట."

"ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు ప్రభూ, అది ఊరికే ఇంగ్లీషు..." అని నసిగింది నక్క.

"దొంగ అర్జీ పెడితే అడవి బహిష్కారమని తెలుసుగా?"

నక్క కాళ్ల మీద పడింది. సింహానికి జాలేసింది. ఎంతైనా పాత ఉద్యోగి.

"సరే, మనవాడు. ఎలుగూ, ఇలా వచ్చి ఆ అర్జీ నిజం చెయ్యి."

ఎలుగుబంటి చెయ్యి ఊపి ఒక్కటిచ్చింది. "అమ్మో, చచ్చాన్రా నాయనా" అని నక్క చక్కటి తెలుగులో మూలిగింది. చెంపకి పసుపు పట్టు మంజూరైంది. గుహ మాట ఎవరూ ఎత్తలేదు.

నీతి: ఆఫీసుకి అర్జీ పెట్టుకునేవాళ్లు, అందులో రాసిన దెబ్బలన్నీ ముందే తిని వెళ్లడం శ్రేయస్కరం.