కంచెకోత మిషన్‌ను నిద్ర లేపిన రాజనర్సయ్య ప్రతాపము

వినుడు విజయేందర్ చేసిన అన్యాయము! అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రెటరీ అయిన నాటినుండి ఆ కుర్చీ తన తాత సంపాదించినట్లు కూర్చున్న ఆ విజయేందరుడే, పద్దెనిమిదేండ్లుగా నెలనెలా వచ్చి పచ్చకంచెను దువ్వినట్లు తీర్చిపోయే మాలి రాజనర్సయ్య చేతిలోని పెద్దకత్తెరను లాగి, స్టోర్‌రూములో పడవేసి, తాళము వేసి, తాళపుచెవిని ప్యాంటు జేబులో దాచుకొనెను. ఇటువంటి వానికే శాలువాలు కప్పే లోకమిది. రాజులను పొగడిన కవులు కడుపు నింపుకొని పోయిరి. మాలివాని కథ చెప్పుటకు ఎవడును లేడు గనుక ఈ నాలుగు ముక్కలు.

అది ఆదివారము. పంజాగుట్ట ఫ్లైఓవరనెడి మహాసర్పపు వీపుమీద వాహనసహస్రములు బుసకొట్టుచు ప్రాకుచుండగా, మెట్రోరథము గగనమార్గమున అమీర్‌పేట దిక్కునకు దూసుకుపోవుచుండగా, గల్లీ మొగలోని ఇడ్లీబండి ఆవిరి హోమధూమమువలె నలుదిక్కులు కమ్ముచుండగా, గడియారము తొమ్మిది కొట్టిన సమయమున, బోరబండనుండి బస్సులో ఒంటికాలిమీద నిలబడి వచ్చిన ధీరుడు, శాఖాకులాంతకుడు, ఏడవ తరగతి గడప దాటని మహానుభావుడు రాజనర్సయ్య రణరంగమున పాదము మోపెను. ఎదుట సిమెంటు నేలమీద పవళించియున్నది, కత్తెరకు బదులుగా సెక్రెటరీ కొని తెచ్చిన, పెట్రోలు తాగే హెడ్జ్ కట్టర్: ఉభయపార్శ్వదంష్ట్రాకరాళము, నారింజవర్ణకవచధారి, మొసలి మూతివంటి రంపపుకత్తి గలది.

"పది కొట్టేలోపల ఇది షురు గావాలె, రాజనర్సయ్యా," అనెను విజయేందర్. "కాలేదంటే రేపట్నుంచి ఏజెన్సోళ్లు వస్తరు. ఇగ ఈడ నీకు పని లేదు."

యాభై రెండేండ్ల మాలిని కొత్తగా పనికి పిలిచేదెవడు? వీరుడు ఆ దిగులు మొగమున కనబడనీయక, మిషన్‌తో వచ్చిన కాగితములోని బొమ్మలను మూడుమార్లు చూచెను. అక్షరములు ఇంగ్లీషువి, బొమ్మలు మాత్రము మనవే. గేటు దగ్గర నూనె కలిపిన పెట్రోలు పోసి, మూత బిగించి, ఒలికిన చుక్కను గుడ్డతో తుడిచి, అక్కడనుండి పదడుగులు లెక్కించి మిషన్‌ను ఇవతలికి మోసుకొచ్చెను.

"ఆగాగు," అనెను విజయేందర్. "కొత్త మిషన్‌కు పూజ జెయ్యకుండ షురు జేస్తమా?"

సైకిలు కొన్నను, మిక్సీ కొన్నను పసుపు పెట్టనిదే ముట్టని ఇలాకా మనది. సెక్రెటరీ స్వహస్తములతో గిన్నెడు పసుపు ముద్ద కలిపి, పెండ్లికూతురికి నలుగు పెట్టినట్లు ఆ లోహకాయమునకు అంగుళము సందు లేకుండ పట్టించి, కుంకుమబొట్లు దిద్ది, నిమ్మకాయ కోసి, తరువాత పళ్లెములో కర్పూరము పోసి అగ్గిపెట్టె తీసెను.

"సార్!" అని సింహనాదము చేసెను రాజనర్సయ్య. "ట్యాంకు నిండ పెట్రోలున్నది. గా కర్పూరం గిక్కడ ముట్టిస్తే మిషన్‌కు హారతి గాదు, మనకు దినాలయితయి."

"గింత భయమున్నోనివి గీ పనికెట్లొచ్చినవయ్యా?"

"భయం గాదు సార్. పొద్దుగాల పది వేళ్లతోని బయలెల్లిన. పదింటిని ఇంటికి తీస్కపోవాలె."

కర్పూరము వెలగకయే లోనికి పోయెను. అది మొదటి విజయము.

అటుపిమ్మట వీరుడు కండ్లకు అద్దములు, చేతులకు తోలు తొడుగులు, కాళ్లకు బూట్లు ధరించి, మెడలోని తువ్వాలును తీసి దూరముగా కొమ్మకు తగిలించి, కత్తి తొడుగు లాగి, ఆ కత్తి నేలనుగాని కొమ్మనుగాని తాకకుండ మిషన్‌ను నిలిపి, ఎడమచేత అదిమిపట్టెను.

"కిందెందుకు పెట్టినవ్? చేతుల లేపి ఒక్క గుంజుడు గుంజు! వీడియోల గట్లనే చూపిచ్చిండ్రు."

"వీడియోల ఉన్నోడు కృష్ణానగర్ సినిమా ఆర్టిస్టయి ఉంటడు సార్. తప్పయితే మళ్లోసారి తీస్తరు. నాకు రెండో టేకు లేదు."

అని పలికి, యంత్రమువైపు తిరిగి, ఆ మాలి కంఠము మేఘగంభీరముగ ఇట్లు గర్జించెను: "ఓసీ ఇనుపదానా! మండుటెండలకు లొంగని మర్రంతటి ముండ్లపొదలను మట్టికరిపించిన చేయి ఇది! నా అన్నము నీ గొంతులో ఇరుక్కున్నది. మర్యాదగా కక్కుము!"

స్విచ్చి వేసి, గాలిని తగ్గించే చోకు మూసెను. పెట్రోలు ఎక్కించే రబ్బరు బుడగను ఆరుమార్లు నొక్కెను. తాడు చేతికి చుట్టుకొనక పిడి మాత్రము పట్టి, మెల్లగా లాగి, బిగి తగులగానే ఒక్క ఊపున గుంజెను. ఫుస్సు. మరల గుంజెను. ఫుస్సు. పది, పదిహేను, ఇరువది! భుజము పట్టేసెను, చెమట గంగాప్రవాహమాయెను, మిషన్ మాత్రము అత్తగారింట అలిగిన అల్లునివలె కిమ్మనలేదు. తొమ్మిది నలభై. విజయేందర్ నవ్వు ఆపుకొనుచు ఏజెన్సీ నంబరు వెతుకసాగెను.

అప్పుడు కింది ఫ్లాటు వంటింటి కిటికీ తెరుచుకొన్నది. అమీర్‌పేటలో నలభై ఏండ్లు స్కూటర్లు బాగు చేసి కన్నుమూసిన మెకానిక్కు భార్య ఇక్బాల్ బేగం అందునుండి తొంగిచూచెను.

"అరే భాయ్, పెట్రోలు తాగిపిచ్చినవ్, గాలెట్ల తాగాలె అది? ముక్కు నిండ పసుపు కుక్కి లే లే అంటే మనిషైనా లేస్తడా?"

చూడగా నిజమే! గాలి పీల్చే సందులన్నియు పసుపు ముద్దతో గోడకు సున్నము వేసినట్లు మూసుకుపోయి ఎండియున్నవి.

విజయేందర్ మొగము మాడెను. "పూజను సుత తప్పు పడ్తరా, అమ్మా?"

"పూజ మంచిదే బేటా. నుదుట పెట్టాలె. ముక్కుల గాదు."

రాజనర్సయ్య స్విచ్చి ఆపి, కత్తికి మరల తొడుగు తొడిగి, గాలిడబ్బా మూత విప్పెను. బేగం కిటికీనుండి పాత పండ్లబ్రష్షు విసిరెను. దివ్యాస్త్రమనగా అదే! గీకెను, దులిపెను, లోపల గాలిని వడగట్టే స్పాంజిని పిండి ఊదెను. మూత బిగించి, తొడుగు తీసి, ఈసారి చోకు తెరచి, స్విచ్చి వేసి తాడు గుంజెను. ఒకటి. రెండు. మూడవ గుంజునకు ఘర్రుఘర్రుమని దిక్కులు పిక్కటిల్ల, పావురములు ఎగిరిపోగా, మూడవ అంతస్తు వరకు కిటికీలు వణకగా, ఆ ఇనుపమొసలి కండ్లు తెరిచెను. సమయము తొమ్మిది యాభై ఎనిమిది.

"శెభాష్ భాయ్!" అనెను బేగం. విజయేందర్ ఫోను జేబులో పెట్టుకొనెను.

జయము! జయము! పది వేళ్లును పదిలముగా నుండగా, ప్రథమఘాతమున ఒక చిటికెనవ్రేలంత రెమ్మ తెగి నేలకూలెను! మధ్యాహ్నము ఒంటిగంటకు కంచె మొత్తము తలవంచెను. వీరుడు తొడుగులు విప్పి, చేయి చాచి నిలిచెను.

"కత్తెరతోని మూడు దినాల పని గద ఇది," అనెను విజయేందర్ నోట్లు లెక్కించుచు. "ఇప్పుడు పూటల ఒడిసె. సగం దినం కూలి తీస్కో. ఇగ ప్రతి నెల గింతే."

దినమునకు తొమ్మిదివందల లెక్కన, ఆ మహాసంగ్రామమున గెలిచిన రాజనర్సయ్య నెలకు పోగొట్టుకొన్నది రెండువేల రెండువందల యాభై రూపాయలు.