పడవ ఆన్‌రోడ్ ధర

సైబరాబాద్‌లో నివసించే ప్రతి గృహస్థు జీవితంలోనూ తొలి పడవ కొనుక్కోవలసిన రోజు ఒకటి వస్తుంది. ఫ్లాటు, కారు, నూనె లేకుండా వేయించే డబ్బా అన్నీ కొన్నాక ఇక మిగిలేది అదే. నాకు ఆ రోజు జూలైలో ఒక సోమవారం వచ్చింది. పొద్దున లేచి చూస్తే పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంటు ముందున్న రోడ్డు లేదు. (ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అది ఏటా పోతుంది, దసరాకు తిరిగి వస్తుంది.)

నేను నానక్‌రామ్‌గూడలో ఒక కంపెనీలో పని చేస్తాను. వారానికి మూడు రోజులు తొమ్మిదిన్నరలోపు ఆఫీసు గేటు దగ్గర కార్డు గీకాలి. గీకిన తర్వాత మూడో అంతస్తులో కూర్చుని బెంగళూరులో ఉన్నవాళ్లతో ఫోన్లో మాట్లాడతాను. ఆ సోమవారం గీకలేకపోయాను. మధ్యాహ్నానికి హెచ్.ఆర్. స్వాతిగారి మెయిల్ వచ్చింది: "వర్షాన్ని కారణంగా పరిగణించడం జరగదు." ఇంకొక్కసారి గైర్హాజరైతే నా పేరు 'స్వచ్ఛందంగా సంస్థను వీడదలచినవారి జాబితా'లో చేరుతుందట. అందులో చేరడానికి నా అంగీకారం అవసరం లేదట. ఫ్లాటు లోను ఇంకా పదిహేడేళ్లు ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. "మేడం, మా ఇంటి ముందు నడుములోతు నీళ్లండి."

"ఐ అండర్‌స్టాండ్ అండి. కానీ సిస్టంలో నీళ్లు అనే ఆప్షన్ లేదండి."

"మరి నేనెలా రావాలి?"

"ఎలా వస్తారన్నది పూర్తిగా మీ ఇష్టమండి. అందులో కంపెనీ జోక్యం చేసుకోదు."

ఇంత స్వేచ్ఛ ఇచ్చాక ఏం అంటాం? మా ఆవిడ కృష్ణప్రియకు విషయం చెప్పాను.

"పడవా? నీకు ఈతొచ్చా?" అంది.

"కారు కొనేముందు పరుగెత్తడం నేర్చుకున్నానా?"

"పోనీ తెడ్డెయ్యడమన్నా వచ్చా?"

"ఆటోమేటిక్‌లో ఉందేమో అడుగుదాం."

కృష్ణప్రియ నుదురు కొట్టుకుంది. ఆ తర్వాత మైలేజీ ఎంతిస్తుందని అడిగింది కనుక ఒప్పుకున్నట్టే.

షోరూములో కుర్చీ వేసి, టీ ఇచ్చి, ధర చెప్పారు. "ఇది పడవ ధర సార్. ఆన్‌రోడ్ ధర వేరే ఉంటది."

"పడవకు ఆన్‌రోడ్ ధరేమిటయ్యా!"

"మీరు నడిపేది ఎక్కడ సార్?"

ఆలోచిస్తే అతనన్నది న్యాయంగానే ఉంది. బేస్ మోడల్‌లో తెడ్లు రావు, అవి యాక్సెసరీస్. కాళ్ల కింద మ్యాటు మాత్రం ఉచితం. అడుగుభాగానికి అయిదేళ్ల వారంటీ ఉంది, నీళ్లు తగిలితే చెల్లదు. పడవను షోరూము నుంచి ఇంటికి తెచ్చుకోవడానికి రెండు చక్రాల ట్రాలీ తప్పనిసరి. తెల్లరంగుకు మూడు నెలలు ఆగాలన్నారు, అందుకని ముదురాకుపచ్చది తీసుకున్నాను. వాన ఆగేలా లేదు మరి.

రిజిస్ట్రేషన్ కోసం నగర జల-స్థల వాహన సమన్వయ విభాగానికి వెళ్లాను. (నీళ్లెక్కడ ముగుస్తాయో రోడ్డెక్కడ మొదలవుతుందో తేల్చడానికి ఆ విభాగం పెట్టారు. ఇంకా తేల్చలేదు.) అక్కడి వెంకటనారాయణగారు తూర్పుగోదావరి మనిషి, పడవంటే ఆయనకు తెలుసు. ఆయన కంప్యూటరుకే తెలియదు.

"చక్రాల సంఖ్య దగ్గర ఆగిపోయిందండి," అన్నారు.

"సున్నా అని కొట్టండి సార్."

"సున్నా తీసుకోదండి. ఒకటి నుంచి పద్దెనిమిది దాకానే. పద్దెనిమిది వేసేయమంటారా? టన్నేజీ ఎక్కువొస్తుంది, లారీ అంత సరుకెక్కించొచ్చు."

"వద్దు సార్! కావాలంటే ట్రాలీకి రెండున్నాయి."

ఆయన మొహం వెలిగిపోయింది. "ముందే చెప్పాలి కదండీ! టూ వీలర్." ఠక్కున కొట్టేశారు.

ఆ విధంగా నా పడవ ప్రభుత్వ రికార్డులలో ద్విచక్ర వాహనమైంది. నడిపేవారు, వెనక కూర్చునేవారు ఇద్దరూ హెల్మెట్ పెట్టుకోవాలి. కాలుష్య పరీక్షకు వెళితే, పొగగొట్టం దొరకక ఆ గొట్టమేదో నా నోటి దగ్గర పెట్టి చూశారు. పాసయ్యాను.

ఇక మా అపార్ట్‌మెంటు సంఘం. దానికి కార్యదర్శిని నేనే, కాబట్టి సెల్లార్లో స్కూటర్ల పక్కన చోటు వెంటనే మంజూరు చేసుకున్నాను. వాచ్‌మన్ ఐలయ్య రెండు నిమ్మకాయలు తెచ్చి ట్రాలీ చక్రాల కింద పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. నిమ్మకాయలు చితికాక పడవ పక్కభాగం మీద వేళ్లతో తట్టి చూశాడు.

"మంచిగుంది సార్. మా నాయిన గిక్కడనే తెప్పేసి చేపలు వడుతుండె."

"ఇక్కడంటే?"

"గిక్కడనే సార్. గా సీ బ్లాకు లిఫ్టు లేదా, గాడ."

(మాకు ఫ్లాట్లు అమ్మినప్పుడు 'లేక్ వ్యూ' అన్నారు. బిల్డరు అబద్ధం చెప్పాడని కొందరు సభ్యులు ఇప్పటికీ తిడుతుంటారు. పాపం, తొందరపడ్డారు.)

ఐలయ్య మంచివాడే. కానీ మంచితనం మీద సంఘాలు నడవవు. అందుకే పోయిన ఏడాది నేనొక పద్ధతి పెట్టాను. వాచ్‌మన్ గంటకోసారి గేటు దగ్గర నిలబడి యాప్‌లో సెల్ఫీ పంపాలి. ఒక్కటి తప్పినా ఆ రోజు గైర్హాజరే. నెలలో మూడు గైర్హాజర్లైతే ఉద్యోగం ఉండదు. ఈ పద్ధతిని చుట్టుపక్కల నాలుగు అపార్ట్‌మెంట్లవాళ్లు వచ్చి చూసి మెచ్చుకుని వెళ్లారు.

మళ్లీ పెద్ద వాన పడింది. పొద్దున్నే సెల్లార్ సగం నిండి పడవ దానంతటదే పైకి లేచింది. (కార్లు లేవలేదు.) ఐలయ్య తాడు కట్టి ర్యాంపు దాకా లాగి గేటు ముందు పెట్టాడు. నేను కార్డు మెళ్లో వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని, ఎనిమిదీ నలభైకి బయలుదేరాను.

బయలుదేరాను అంటే, గేటు ముందే గుండ్రంగా తిరిగాను. ఎడమ తెడ్డు వేస్తే కుడికి, కుడి తెడ్డు వేస్తే ఎడమకు పోతోంది. మూడు చుట్లు అయ్యాయి. బాల్కనీలోంచి కృష్ణప్రియ వీడియో తీస్తోంది. "ఇక చాల్లే, దిగు! ప్రదక్షిణలు చేసినట్టుంది!" అని అరిచింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గడియారంలో ఎనిమిదీ యాభై.

"సార్, గట్ల గాదు. తెడ్డిటియ్యిన్రి," అన్నాడు ఐలయ్య, నడుములోతు నీళ్లలో నిలబడి.

"మరి గేటు?"

"గేటేడికి వోతది సార్, మునిగే ఉన్నది గదా. ఎవలస్తరు?"

పైనుంచి కృష్ణప్రియ రెండో హెల్మెట్ విసిరింది. ఐలయ్య అది పెట్టుకుని ఎక్కాడు. రెండు తెడ్లు వేశాడో లేదో పడవ సాఫీగా కదిలింది. "మీరు నడుమల కూసోన్రి సార్. పరేషాన్ గాకున్రి, ఒరగది." ఆగిపోయిన కార్ల పైకప్పుల మధ్య నుంచి, బస్టాపు మీదుగా, ఒక బిర్యానీ సెంటరు బోర్డు కింద తల వంచుకుని వెళ్లాం. తొమ్మిదింటికి ఐలయ్య జేబులో ఫోను గణగణమంది.

"సార్, సెల్ఫీ అడుగుతున్నది. ఇప్పుడెట్ల?"

"నువ్వు తెడ్డు ఆపకు ఐలయ్యా! అది నేను చూసుకుంటాను."

"మీరు చూసుకుంటనంటె ఇగ నాకేం ఫికరున్నది సార్," అని తెడ్డు బలంగా వేశాడు.

తొమ్మిదీ ఇరవై ఆరుకు ఆఫీసు మెట్ల దగ్గర దిగి కార్డు గీకాను. పచ్చదీపం వెలిగింది. ఆ మిషన్ని ముద్దుపెట్టుకోవాలనిపించింది. అక్కడి సెక్యూరిటీవాళ్లు సెల్యూట్ చేసి, టూ వీలర్ పార్కింగు మూడో సెల్లార్లో అన్నారు. మూడో సెల్లార్ అంతా నీళ్లే కనుక పడవను ఐలయ్యే ఎదురు తెడ్డేసుకుంటూ తిరిగి తీసుకెళ్లాడు.

పదకొండింటికి స్వాతిగారు అందరికీ మెయిల్ పెట్టారు. ఒక సహోద్యోగి చూపిన చొరవ వల్ల వర్షం అడ్డంకి కాదని రుజువైందనీ, ఇకపై అందరూ తమ తమ పడవలు తామే చూసుకోవాలనీ అందులో ఉంది. క్యాంటీన్లో ఆ రోజు నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

సాయంత్రం నీళ్లు కొంచెం తగ్గాక బస్సు, షేర్ ఆటో, కాస్త నడకతో ఇల్లు చేరాను. గేటు దగ్గర ఐలయ్య తడిబట్టలతోనే నిలబడి ఉన్నాడు.

"సార్, తొమ్మిదిది, పదిది పడలె. గైర్హాజరని చూపిస్తున్నది. ఈ నెలల ఇది రెండోది సార్. జెర మీరు చెప్పున్రి."

నేను యాప్ తెరిచి చూశాను. తొమ్మిదింటికి వాచ్‌మన్ గేటు దగ్గర లేడు. లొకేషన్ నానక్‌రామ్‌గూడ వైపు చూపిస్తోంది. రికార్డు రికార్డే కదా.

"అర్థమైంది ఐలయ్యా," అన్నాను. "కానీ యాప్‌లో పడవ అనే ఆప్షన్ లేదు."

"మీరే గదా సార్ చూసుకుంటనంటిరి?"

"చూశాను కదయ్యా ఇప్పుడు."

మెట్ల మీదున్న కృష్ణప్రియ ఇది విని, "సిగ్గుందా నీకు?" అని లోపలికి వెళ్లిపోయింది. ఆడవాళ్లకు పరిపాలన అర్థం కాదు. యాప్‌లో కార్యదర్శి వ్యాఖ్య అని ఒక గడి ఉంటుంది, అది నింపకపోతే పేజీ మూసుకోదు. కాస్త ఆలోచించాను. మంచి మాట ఒకటి పొద్దుట్నుంచీ నోట్లోనే ఆడుతోంది. 'వర్షాన్ని కారణంగా పరిగణించడం జరగదు' అని రాసి, వేలితో సంతకం పెట్టాను.

ఐలయ్య తెడ్లు గోడకు ఆనించి, ఆకాశం వైపు చూశాడు.

"రేపు గూడ వానున్నదంట సార్," అన్నాడు.

"అవును," అన్నాను. "ఎనిమిదిన్నరకల్లా పడవ గేటు దగ్గర పెట్టు."