పద్దెనిమిది డిగ్రీల ఊరు

మా ఊరి వాతావరణం పద్దెనిమిది డిగ్రీలని మునిసిపాలిటీ వారు ఏకగ్రీవంగా తీర్మానించిన సంగతి పాఠకులకు తెలిసిందే. మండు వేసవిలో, ఒక్కరూ అభ్యంతరం చెప్పకుండా, ఇంత చల్లటి నిర్ణయం తీసుకున్న సంస్థ ఇంకెక్కడా ఉండదని మా నమ్మకం.

దీనంతటికీ మూలం కొత్త రోడ్డు. స్టేషను నుంచి మునిసిపల్ ఆఫీసు దాకా వేసిన ఆ రోడ్డుకి రెండు పక్కలా అందమైన మొక్కలు పెట్టాలనుకున్నారు. ముందు వాతావరణం తెలుసుకోవాలి, తర్వాత దానికి సరిపడే మొక్కల్ని ఎంచుకోవాలి అని నిబంధన. నిబంధనంటే మావాళ్ళకి ప్రాణం. వెంటనే మొక్కల కమిటీ వేశారు. మురుగు కాలువల శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన పెద్దమనిషి అధ్యక్షుడు, ఆయన బావమరిది నిపుణుడు. బావమరిది ఒకసారి మంచు కొండలు చూసొచ్చాడు. కోటు కూడా ఉంది.

థర్మామీటరు కొన్నారు. దాన్ని రోడ్డు మీద పెడితే, చదవడానికి ఎవరో ఒకరు ఎండలో నిలబడాలి. ఉద్యోగుల ఆరోగ్యం దృష్ట్యా కమిటీ గదిలోనే ఏసీ కింద మేకుకి తగిలించి, పదిహేను రోజులు, రోజుకి మూడు పూటలు శ్రద్ధగా చదివారు. ఏ పూటా పద్దెనిమిది తప్పలేదు. ఇంత నిలకడైన వాతావరణం అరుదని నివేదికలో రాశారు. ప్రజలకు పడుతున్న చెమటని అలవాటు దోషంగా పేర్కొన్నారు.

ఇక వర్గీకరణ. తోటపని పుస్తకాల్లో చెట్లు, పొదలు, తీగలు అనీ, ఎండ కోరేవి, నీడ కోరేవి అనీ, నీళ్ళు ఎక్కువ తాగేవి, తక్కువ తాగేవి అనీ విడదీస్తారు. ఇందులో హోదా అనేదే లేదని కమిటీ కనిపెట్టింది. పేరు పలకలేని మొక్కలు మొదటి తరగతి, తంటాలు పడి పలకగలిగేవి రెండో తరగతి, అందరూ పలికేసేవి మూడో తరగతి అని కొత్త పద్ధతి పెట్టింది. ఎవరూ నాటకుండా మొలిచి, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా బతుకుతున్నవాటికి ‘ఆక్రమణలు’ అని పేరు. రోడ్డు పక్కన నలభై ఏళ్ళుగా ఉన్న బాదం చెట్లూ, గన్నేర్లూ, కాగితంపూల పొదలూ ఈ పేరు కిందికి వచ్చాయి.

మొదటి తరగతి నుంచి నాలుగు వందల మంచుదేశపు మొక్కలు కుండీలతో సహా ఏసీ లారీలో దిగాయి. వాటిని బతికించే భారం మొక్కలత్త మీద పడింది. మునిసిపల్ నర్సరీలో ఆవిడ ఇరవై రెండేళ్ళుగా తాత్కాలిక మాలి. ఏ ఇంట్లో గులాబీ ముడుచుకుపోయినా ఆవిడకే కబురు వెళ్తుంది కాబట్టి ఊరందరికీ అత్తే. తొంభై రోజుల తర్వాత మొక్కలన్నీ బతికుంటే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికి అని ఉత్తర్వు ఇచ్చారు. ఆవిడ భర్తకి మోకాళ్ళు పనిచెయ్యవు; పర్మనెంటు అయితే వైద్యం ఉచితం. ఇదంతా నవ్వుతూనే రాస్తున్నాను గానీ, ఆ కాగితం పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

“అయ్యా, ఒక్కసారి చెప్పులిప్పి ఆ రోడ్డు మీద నిలబడి చూడండి. తర్వాత మీరు ఏది నాటమంటే అది నాటుతాను” అందావిడ.

అధ్యక్షుడు లేచి గొంతు సవరించుకున్నాడు. “చూడమ్మా, శాస్త్రం చెప్పులిప్పి తెలుసుకునేది కాదు. మా దగ్గర నలభై అయిదు కొలతలున్నాయి. నీ దగ్గరేమున్నాయి? రెండు అరికాళ్ళు. దేన్ని నమ్మాలో నువ్వే చెప్పు.” బావమరిది కోటు గుండీ పెట్టుకుంటూ తలూపాడు.

మూడో రోజుకే మొక్కల కొసలు మాడిపోసాగాయి. కమిటీ అత్యవసరంగా సమావేశమై, మొక్కల్లో అవగాహన కొరవడిందని తేల్చింది. ‘ఇక్కడ పద్దెనిమిది డిగ్రీలు’ అని రోడ్డు పొడుగునా బోర్డులు కట్టించింది. మొక్కలకు కనబడాలని బోర్డుల ముఖం కుండీల వైపు తిప్పారు.

ఆ సాయంత్రం మొక్కలత్త నివేదిక తెచ్చుకుని రెండుసార్లు చదివింది. అందులో వర్ణించిన ఊరు ఎక్కడుందో ఆవిడకి అర్థమైంది. మర్నాడు ఉదయానికి నాలుగు వందల కుండీలూ ఆఫీసులోకి చేరాయి. కమిటీ గదిలో, ఏసీ ఉన్న ప్రతి గదిలో, బీరువాల మీద, అధ్యక్షుడి కుర్చీలో కూడా మొక్కలే. వారం తిరిగేసరికి అన్నీ తేరుకున్నాయి. కూర్చోవడానికి చోటు లేక కమిటీ వారు కుర్చీలు మోయించుకుని రోడ్డు మీదికి వచ్చి, బాదం చెట్ల కింద సమావేశాలు పెట్టుకున్నారు. గాలి బాగుందని మినిట్సులో రాసుకున్నారు.

తొంభయ్యో రోజున లెక్కపెడితే నాలుగు వందలూ భేషుగ్గా ఉన్నాయి. మొక్కలు రోడ్డు మీద ఉండాలి కదా అని ఎవరో అడగబోయేలోపే, ఆఫీసుని కొత్త రోడ్డులో భాగంగా ప్రకటించారు. ఊరి వాతావరణం చూడ్డానికి జనం కుటుంబాలతో వచ్చి, కండువాలు కప్పుకుని ఫొటోలు దిగి, బయటికి రాగానే మొహాలు తుడుచుకున్నారు. ఇంత నాజూకు మొక్కలున్న ఊళ్ళో ఆ మొరటు బాదం చెట్లేమిటి, పరువు తక్కువ అని అందరికీ అనిపించింది. ఆరు వందల పన్నెండు సంతకాలతో అర్జీ వెళ్ళింది. అందులో పదిహేడోది నాది.

ప్రజాభిప్రాయాన్ని గౌరవించి, బాదం చెట్లు కొట్టించాకే పర్మనెంటు ఉత్తర్వు అమల్లోకి వస్తుందని కమిటీ షరతు పెట్టింది. మొక్కలత్త మళ్ళీ నివేదిక తీసి చదివింది. తర్వాత చెట్టు కింద కుర్చీలో కూర్చున్న అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళింది.

“అయ్యా, మీ నివేదిక ప్రకారం ఊళ్ళో ఎండ లేదు గదా?”

“లేదు.”

“ఎండ లేనిచోట నీడెట్లా పడుతుంది?”

“పడదు.”

“మరి మీరు కూర్చున్నది ఏ చెట్టు నీడలో? నీడే లేకపోతే చెట్టూ లేనట్టే. లేని చెట్టుని నేనెట్లా కొట్టించేది?”

అధ్యక్షుడు ఒకసారి తలెత్తి ఆకుల్లోకి చూశాడు. ఒకసారి అవతల మండుతున్న రోడ్డు వైపు చూశాడు. ఫైలు తెప్పించుకుని, ‘సదరు చెట్లు లేవని విచారణలో తేలింది’ అని రాసి, పర్మనెంటు ఉత్తర్వు మీద సంతకం పెట్టేశాడు. ఆ సోమవారం మొక్కలత్త భర్తని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నాకు చాలా సంతోషంగా ఉంది.

అయితే పౌరులుగా మా అసంతృప్తి తీరలేదు. లేని చెట్లని ఇంతవరకూ కొట్టించకపోవడాన్ని నిరసిస్తూ ఇంకో అర్జీ తయారైంది. సంతకాలు ఆదివారం ఉదయం. బల్ల పెద్ద బాదం చెట్టు కింద వేస్తున్నారు. కాస్త ముందే రండి, తొమ్మిది దాటితే నీడలో చోటు దొరకదు.