పదకొండు ముందుమాటల పుస్తకం

ఒక పెద్ద అడవిలో, అదెంత పెద్దదంటే నాలాంటివాణ్ణి కూడా రచయిత అనేవాళ్లంటే చూసుకోండి, ఒక ఎలుగుబంటి ఉండేది. అది నేనే. పేరు బొంతయ్య. అయిదో తరగతి దాకా చదివాను. ఆరో తరగతి చెట్టుకి తేనెపట్టు ఉండటంతో నా చదువు అక్కడే ఆగింది.

మా అడవికి ఒక పెద్దల సభ ఉంది. అధ్యక్షులు కొంగగారు. రోజూ పొద్దున్నే వాగులో ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని, అందరిచేతా ప్రార్థన చేయించేవారు. మధ్యలో ఒకటి రెండుసార్లు తల గబుక్కున వంచేవారు. అది నమస్కారమని మేమనుకునేవాళ్లం. చేపలు మాత్రం అలా అనుకునేవి కావు.

గౌరవాధ్యక్షులు పులిదొర. ప్రార్థన జరుగుతున్నంతసేపూ వేటాడనని ఆయన మాట ఇచ్చారు. ఇచ్చిన మాట తప్పలేదు కూడా. ప్రార్థన అయ్యాక ఎవరి పని వాళ్లది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. దొరగారి సంగతి పిల్లల ముందు ఎత్తకూడదు, మర్యాద కాదు. వాగు ఒడ్డు బురదలో ఆయన అడుగులు కనబడితే, పిల్లలు లేవకముందే పెద్దలు తోకలతో ఊడ్చేసేవాళ్లు. నీళ్లకెళ్లినవాళ్లు ఎవరైనా తిరిగి రాకపోతే, "దేవుడు పిలిచాడు" అని చెప్పి ఊరుకునేవాళ్లం. నేనూ అంతే. నాది చిన్న తోక కాబట్టి చేత్తో ఊడ్చేవాణ్ణి.

ఆ ఏడు ఒక చిక్కు వచ్చిపడింది. కొమ్ములు మొలిచే ఈడు పిల్లలు, గొంతు మారే ఈడు పిల్లలు ప్రార్థనకి రావడం మానేశారు. అందరికంటే ముందు మానేసింది చుక్కి అనే దుప్పి పిల్ల. వాళ్లమ్మని దేవుడు పిలిచి అప్పటికి పదిహేను రోజులు. అది ప్రార్థనకే కాదు, అసలు వాగుకే రావడం లేదు. ఆకుల మీది మంచు నాకి బతుకుతోంది. డొక్కలు తేలిపోయాయి.

బాబాయినన్న పెద్దరికంతో వెళ్లి నాలుగు మంచి మాటలు చెప్పాను. ఆత్మ అన్నాను, పరమాత్మ అన్నాను, ఆ రెండింటికీ మధ్య ఏదో తెర ఉందన్నాను. అంతా ఓపిగ్గా విని, "బాబాయ్, దేవుడు ఎప్పుడూ నీళ్ల దగ్గరే ఎందుకు పిలుస్తాడు?" అంది.

ఒళ్లంతా బొచ్చు కాబట్టి నాకు పట్టిన చెమట దానికి కనబడలేదు. "పుస్తకం రాస్తున్నానమ్మడూ, అందులో ఉంటుంది" అనేశాను.

అబద్ధమేం కాదు. ఈ ఈడు పిల్లలకి దేవుడి మీద గురి కుదిర్చే పుస్తకం ఒకటి వెయ్యాలని ముందురోజే సభ తీర్మానించింది. అయిదో తరగతి చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి రాసే పని నాకు పడింది. టేకాకులు ముప్పైరెండు. అంతకంటే ఎక్కువ గుచ్చితే తీగ తెగిపోతుంది.

రాశాను. ముప్పైఒక్క ఆకుల్లో వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నదే నింపాను. ఆఖరి ఆకు దగ్గర చుక్కి డొక్కలు గుర్తొచ్చి చెయ్యి ఆగింది. "నీళ్ల దగ్గర పిలిచేది దేవుడు కాదు, పులి. దేవుడు ఎక్కడున్నాడో నాకూ తెలియదు" అని రాశాను. అలవాటు లేని పని కదా, రెండు రోజులు మోచెయ్యి నొప్పి.

ఇంతలో కార్యదర్శి నక్క వచ్చి, ముందుమాటలేవీ అని అడిగింది. ముందుమాట లేని పుస్తకం బాసికం లేని పెళ్లికొడుకంది. నిజమే కదా అనుకున్నాను.

సభలో పెద్దలు పదకొండుమంది. ఒకరిచేత రాయించి ఇంకొకర్ని వదిలేస్తే బాగుండదు. తలా రెండాకులు ఇచ్చాం, కొంగగారికి మాత్రం అయిదు. మౌనం గొప్పతనం గురించి చెప్పడానికి ఆయనకి ఆ అయిదూ చాల్లేదు. అడవిపంది తన చిన్నతనం రాసుకుంది. కోతి, ఈ పుస్తకం తనే రాద్దామనుకున్నానని రాసింది. పుస్తకం చదివి రాసినవాళ్లు లేరు, చదవమని నేనూ అడగలేదు.

ఆ పదకొండుమందికీ పైన దొరగారికి ఇంకో ఆకు. ఆయనకి రాత రాదు. పంజా బురదలో ముంచి, వెయ్యబోయే ప్రతులన్నిటికీ మొట్టమొదటి ఆకు మీద గట్టిగా ఒక్కోటి వేశారు. కింద నక్క, "పులిదొర ఆశీస్సులు" అని రాసిపెట్టింది.

ఒక్కో ముందుమాట చేరినప్పుడల్లా నా ఆకులు రెండేసి ఊడుతూ వచ్చాయి. నేనేం తక్కువ తిన్నానా, "కృతజ్ఞతలు" అని నాకూ అయిదాకులు అట్టేపెట్టుకున్నాను. ఇక మిగిలింది ఒక్క ఆకు. దాని మీద చుక్కికి రాసిన జవాబే ఉంచాలనుకున్నాను, ఒట్టు. కానీ కృతజ్ఞతల్లో మా బావమరిది పేరు లేదని ఇంట్లో గొడవైంది. ఆ జవాబు తీసేసి బావమరిదిని పెట్టాను.

అలా పుస్తకం పూర్తయింది. లోపల ఏమీ లేకపోయినా అట్ట మీద నా పేరు నిండుగా వచ్చింది. ఆవిష్కరణ సభలో నాకు శాలువా కప్పారు. ఎండాకాలం, ఎలుగుబంటికి ఉన్ని శాలువా.

మొదటి ప్రతి చుక్కి చేతికే ఇచ్చాను. మొదటి ఆకు తీసింది. రెండోది తిప్పలేదు. ఆ పంజా గుర్తుకేసి చూసి, "అమ్మ పోయిన రోజు ఒడ్డున ఈ గుర్తే ఉంది బాబాయ్. నేను చూశాక మీ పెద్దవాళ్లొచ్చి ఊడ్చారు" అంది.

శాలువా సర్దుకున్నాను. ఇంక సర్దుకోవడానికేమీ మిగల్లేదు. "అవునమ్మా" అన్నాను.

అది ఏడవలేదు. పుస్తకం నోట కరుచుకుని తిన్నగా వాగుకి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. పెద్దలంతా విందులో ఉన్నారు, ఒడ్డు ఊడ్చే నాథుడు లేడు. అది బండరేవులో ఆగి, ఆ మొదటి ఆకుని బురద పక్కన పెట్టి చూసుకుంది. పచ్చి అడుగు, అచ్చం అదే పంజా. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి ఎగువ రేవుకి పోయింది. అక్కడా ఒడ్డంతా వెతికి, ఏమీ లేదని తేలాక తల వంచి తాగింది. ఎంతసేపు తాగిందో. నేను పక్కన నిలబడి విన్నాను.

చుక్కి చెప్పినట్టుంది, మర్నాటినుంచి పిల్లలందరూ పెద్దలకంటే ముందే లేచి, పుస్తకం పట్టుకుని వాగుకి రావడం మొదలుపెట్టారు. మొదటి ఆకు తీసి, నేలకి వంగి, అడుగడుక్కీ ఆగుతూ ఒడ్డంతా తిరిగేవాళ్లు. అది చూసి కొంగగారి కళ్లు చెమర్చాయి. పిల్లలు దొరగారి ఆశీస్సుల్ని కళ్లకద్దుకుంటున్నారని సభలో చెప్పి, రెండో ముద్రణకి తీర్మానం చేయించారు.

మూడు వారాలకి దొరగారు నన్ను పిలిపించారు. బాగా చిక్కిపోయారు. "బొంతయ్యా, అడవిలో భక్తి పెరిగిందంటున్నారు. నాకు కడుపు నిండటం లేదేంటి?" అన్నారు. ఉపవాసం ఆత్మకి చాలా మంచిది దొరా, మా పుస్తకంలో రాశాం అని చెప్పాను. ఆయనకి చదువు రాకపోవడం నా అదృష్టం.

మొన్న చుక్కి కనబడింది. ఒళ్లు చేసింది. పిలిచేది దేవుడు కాదని తేలింది, మరి ఆయనెక్కడున్నాడు బాబాయ్ అని అడిగింది. గొంతు సవరించుకుని, తెర సంగతి మళ్లీ ఎత్తబోయి, మానేశాను.

"నాకు తెలియదమ్మడూ."

"తెలిసినప్పుడు చెప్పు. ముందుమాట లేకుండా చెప్పు" అని, నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది.

నీతి: పదకొండుమంది పెద్దలు ఎంత జాగ్రత్తగా చూసినా, పుస్తకంలో ఎక్కడో ఒకచోట ఒక నిజం దొర్లుతూనే ఉంటుంది.