పని దొరికిందా అని అడగరాదు

నిరుద్యోగుల మనసు నొప్పించేది నిరుద్యోగం కాదని, దాని గురించి జనం అడిగే ప్రశ్నలేనని మంత్రి ఆదినారాయణప్పగారు బెంగళూరు కాడుగోడి మార్కెట్ దగ్గర మైకు పట్టుకుని ప్రకటించారు. "ఇకమీదట నా నియోజకవర్గంలో ఎవురూ ఎవుర్నీ పని దొరికిందా అని అడగరాదు. అడిగితే జరిమానా."

డాట్‌కామ్ కంపెనీలు వరసగా మూతపడుతున్న 2001 అది. మా కంపెనీ కూడా మూతపడింది గనక అందరికంటే ముందు నేనే చప్పట్లు కొట్టాను. ఇంత సున్నితమైన హృదయమున్న మంత్రి దొరకడం మా అదృష్టం.

మర్నాటి నుంచే ప్రాణం హాయిగా ఉంది. ఇంటి ఓనరు నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. కదిరి నుంచి ఫోన్ చేసిన మామయ్య వానల గురించి మాట్లాడి పెట్టేశాడు. రోజూ "ఏమప్పా, పని దొరికిందా?" అంటూ టీలో ఇంకాస్త పాలు పోసే టీకొట్టు చిక్కమునియప్ప గ్లాసు నా ముందు పెట్టి ఊరుకున్నాడు.

"ఏం పెద్దాయనా, మాట్లాడవా?"

"ఏం మాట్లాడేదప్పా? నిన్ను అడిగేదానికి నాకుండే మాట అదొకటే."

వైట్‌ఫీల్డ్‌లో ఇంటర్వ్యూకి వెళ్తే హెచ్.ఆర్. మేడమ్ హరిణి కాఫీ ఇచ్చి, క్రికెట్ గురించి మాట్లాడి పంపించేసింది. "సారీ అండీ, ఇప్పుడు ఖాళీగా ఉన్నారా అని అడక్కుండా ఇంటర్వ్యూ ఎలా చేయాలో హెడ్డాఫీసు ఇంకా చెప్పలేదు."

తర్వాత సర్వేవాళ్లు వచ్చారు. కుళాయి, టీవీ, గ్యాసు అన్నీ అడిగారు. పని గురించి నేనే చెప్పబోతే, అడగనిది రాసుకోకూడదన్నారు. ఆ నెలలోనే మంత్రిగారి నియోజకవర్గంలో నిరుద్యోగులెవరూ లేరని తేలింది.

మంత్రిగారికి సన్మానం పెట్టారు. పీఏ తిరుపాలు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "చూసేదానికి ఇంజనీరు మాదిరి ఉండావు. ఇస్త్రీ చొక్కా ఏసుకోని స్టేజీ మీద కూచో."

స్టేజీ మీదే ఉద్యోగం ప్రకటిస్తారేమోనని ఆశ. చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాను.

మంత్రిగారు నా మెడలో దండ వేసి, భుజం మీద చెయ్యేసి ఫొటోకి నవ్వారు. ముందు వరసలోంచి సమీనా అనే విలేకరి లేచింది.

"మీరిప్పుడు ఎక్కడ పని చేస్తున్నారండీ?"

ఎన్నాళ్లకో ఒక మనిషి నన్ను ఆ మాట అడిగింది. ఎంత ఆపుకున్నా ఏడుపు ఆగలేదు. నేను జవాబు చెప్పేలోగా తిరుపాలు వెళ్లి ఆవిడకి జరిమానా రసీదు చింపిచ్చాడు.

మంత్రిగారు మైకు దగ్గరికి జరిగారు.

"చూస్తిరా, ఒక్క ప్రశ్నకే పిల్లోడు ఎట్ల ఏడస్తాండాడో."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ కొట్టాను.